అలాయి గుంత

మా ఊరి గురించి నాలుగు వాక్యాలు రాసివ్వమని మొన్నొక అమ్మాయి వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. పేరు శ్రావణి. మా ఊరిని ఎప్పుడో పక్కనున్న మున్సిపాలిటీలో కలిపేశారు, ఇప్పుడు మాదొక వార్డు. ఆ మున్సిపాలిటీలో కళలూ పండుగలూ ఉత్సవాలూ చూసుకునే ఉద్యోగం ఆమెది. చెప్పులు గడప బయటే విడిచి, చెంబెడు నీళ్లు గటగటా తాగి, ల్యాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపించింది. మా వీధే. పీర్ల సావిడి ముందు మేం అలాయి తవ్వే జాగా. పీర్ల పండుగ వస్తే అక్కడ గుండ్రంగా గుంత తవ్వి, నిప్పు వేసి, ఊరంతా చుట్టూ చేరి ఆడతాం. ఆ గుంతనూ, ఆ నిప్పునూ, ఆ ఆటనూ అన్నింటినీ కలిపి అలాయి అంటాం. బొమ్మలో గుంత లేదు. గుంత ఉండాల్సిన చోట నున్నటి గ్రానైటు గద్దె ఉంది. దాని మీద చేతులు పైకెత్తి ఎగురుతున్న సిమెంటు మనుషులు, వాళ్ల నడుమ ఎర్రగా మంట.

"నిజం మంట కాదు మేడం," అంది శ్రావణి, నేను ఎక్కడ భయపడతానో అన్నట్టు. "పట్టుగుడ్డ ముక్కలుంటయి. కింద ఫ్యాను, లైటు పెడ్తం. పొగ రాదు, మసి కాదు. ఏడాది పొడుగునా మండుతున్నట్టే కనిపిస్తది." మరి పండుగ నాడు అలాయి ఎక్కడ తవ్వుతారని అడిగాను. తవ్వే పనే లేదట. సావిడి కమిటీ వాళ్లు జాగా ఇస్తారు, మున్సిపాలిటీ మిగతాదంతా ఇస్తుంది: కురుస్తున్న సావిడికి కొత్త రేకులు, స్టేజి, మైకు, ఏటేటా కళోత్సవం. అందరూ ఒప్పుకున్నారు. దీన్ని భాగస్వామ్యం అంటారని కూడా చెప్పింది. గద్దె ముందు పెట్టే ఫలకం మీదికి నాలుగు వాక్యాలు కావాలి, ఆ ఊళ్లో పుట్టిన రచయిత్రిని నేనే కాబట్టి నేను రాస్తే బాగుంటుంది. నాకు ముందు నవ్వొచ్చింది, వెనకే కోపం వచ్చింది. కోపమొస్తే చాయ్ పెట్టడం నా అలవాటు. చేతులకు పని దొరికితే నోరు కాస్త ఆగుతుంది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఇదేనని పొయ్యి ముందు నిలబడి గొణుక్కున్నాను. ఆ పిల్ల విన్నదో లేదో తెలియదు.

చాయ్ తాగుతూ గోడకున్న బీచుపల్లి ఆంజనేయస్వామి పటం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మేడం, ఏమనుకోకుండ్రి, మీ పేరు హుసేనమ్మ గద..." అని ఆగిపోయింది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా అమ్మకు నాకంటే ముందు పుట్టినవాళ్లు నిలవలేదు. మా అవ్వ పీర్ల సావిడి గడప మీద కొంగు పరిచి, ఈసారి బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటానని హుసేన్ పీరుకు మొక్కింది. నేను బతికాను. నా వెనక పుట్టిన తమ్ముడు లాలప్పది కూడా పీరు పేరే. మా వీధి నిండా ఫకీరప్పలు, మౌలాలులు, దస్తగిరమ్మలు ఉండేవాళ్లు. వాళ్లందరి పుట్టువెంట్రుకలూ బీచుపల్లిలోనే తీసేవాళ్లు. దీన్ని ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పేవాళ్లు కాదు. నా పెళ్లి కుదిరినప్పుడు మా అత్తగారు కోడలికి లక్ష్మి అని పేరు మారుద్దామన్నది. మారిస్తే పీరు ఊరుకోడు, నేను బతకను, ఆ పాపం మీ ఇంటికే చుట్టుకుంటుందని బెదిరించాను. ఆమె నిజంగానే భయపడింది. అలా నిలుపుకున్న పేరు ఇది.

శ్రావణి వెళ్లాక మంచం కిందినుంచి గోనెసంచి బయటికి లాగాను. అందులో మా ఇంటి గుద్దలి ఉంది. అలాయికి మొదటి గుద్దలి దెబ్బ వేసే హక్కు మా ఇంటిది. తాత తిమ్మప్ప వేశాడు, తర్వాత నాయన వేశాడు, తర్వాత లాలప్ప. పోయిన పండుగకు వేసిన నా తమ్ముడు ఈ పండుగకు లేడు. వాడికి పిల్లలు లేరు. వాడి దినాలయ్యాక మరదలు దీన్ని సంచిలో చుట్టి, "నా ఇంట్ల ఇగ ఎవరు పడ్తరు వదినా దీన్ని. నువ్వే పెట్టుకో," అని నా చేతిలో పెట్టింది. నేను తెచ్చి మంచం కింద తోశాను. సంచి విప్పితే ఇనుము వాసన, పాత చింతపండు వాసన, దానితోపాటు ఎక్కడో కొసన ఊదు వాసన వచ్చాయి. నిజంగా వచ్చాయో నా ముక్కే తెచ్చుకుందో కానీ, ఆ పూట మళ్లీ ఏ పనీ సాగలేదు.

తాతకు దేవుని గుద్దలి అని వేరే ఉండేది కాదు. ఏడాదంతా చేను గట్లు చెక్కిన గుద్దలే పీర్ల నెల ముందు ఇంటికి వచ్చేది. అవ్వ దాన్ని చింతపండు పులుసుతో, బూడిదతో, కొబ్బరి పీచుతో తోమి తోమి మెరిపించేది. తోముతూ గుద్దలిని తిట్టేది. "ఏడాదంత మన్ను దిన్నవు, ఈ ఒక్కనాడన్న తానం చెయ్యవే," అనేది. తాత ఆ వారంలోనే తన మంచం ఎత్తి గోడకు నిలబెట్టేవాడు. పీర్లు లేచి మళ్లీ పెట్టెలోకి పోయేదాకా మంచం ఎక్కేవాడు కాదు, చెప్పులు తొడిగేవాడు కాదు. గోడకు నిలబెట్టిన ఆ నులకమంచం నీడలో మేం పిల్లలం ఇల్లు కట్టుకుని ఆడేవాళ్లం. పీర్ల పండుగ ఒక్కో ఏడు ఒక్కో కాలంలో వస్తుంది కాబట్టి నా జ్ఞాపకాల్లో అది ఒకసారి వాన బురదలో ఉంటుంది, ఒకసారి ఎండకు కాలిన బండల మీద ఉంటుంది. తాత పాదాలు మాత్రం అన్ని కాలాల్లోనూ ఉత్తవే.

మొక్కు ఉన్నదాన్ని కాబట్టి నన్ను ఫకీరును చేసేవాళ్లు. మెడలో ఆకుపచ్చ దారం, చంకలో గుడ్డ జోలె. వీధిలో ఇల్లిల్లూ తిరిగి జొన్నలు అడుక్కు రావాలి. మా ఇంట్లో గరిసె నిండా జొన్నలున్నా అడుక్కోవాలి. నాకు సిగ్గేసి ఏడిస్తే అవ్వ, "అడుక్కుంటెనే ఊరు నీది అయితది. లేకుంటె నీ ఇల్లే నీది," అనేది. అవ్వది నాగర్‌కర్నూలు దిక్కు. ఆమె మాటలు మా ఊరివాళ్లకు సగం తిట్లలా, సగం సామెతల్లా వినపడేవి. అడుక్కొచ్చిన జొన్నలు కొట్లో ఇచ్చి గోధుమపిండి, బెల్లం, సోంపు తెచ్చేది. పొద్దున్నుంచీ పొయ్యి ముందు కూర్చుని మందంగా రొట్టెలు కాల్చి, వేడి మీదే రోట్లో వేసి దంచి, బెల్లం కలిపి, నెయ్యి చేతికి రాసుకుని మలీద ముద్దలు చేసేది. పీర్లకు చూపించే దాకా ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోకూడదు. ఆ వాసనకు నోరూరి నేను రోలు చుట్టూ పిల్లిలా తిరిగేదాన్ని. అవ్వ అట్లకాడ చూపించేది, కానీ కొట్టేది కాదు.

ఇక చంద్రుడు కనిపించే సాయంత్రం. సావిడి తాళం ఖాసీం తాత దగ్గర ఉండేది. ఆయన ముజావరు, పీర్లను కడిగి, చందనం పూసి, దట్టీలు కట్టి నిలబెట్టేది ఆయనే. ఆ దట్టీల పట్టుగుడ్డ గద్వాల నుంచి వచ్చేది. మొక్కుకున్నవాళ్లు కృష్ణ దాటి పోయి మగ్గాల ఇళ్ల దగ్గర కూర్చుని నేయించుకుని తెచ్చేవాళ్లు. పడమటి దిక్కు గోరంత చంద్రుడు కనపడగానే ఖాసీం తాత ఊదు వేసి దువా చదివేవాడు. నర్సప్ప డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆగేవాడు. అప్పుడు మా తాత కండువా నడుముకు బిగించి గుద్దలి ఎత్తేవాడు. మా నేల ఎర్ర చెలక. చేను, బాట, గోడ అన్నీ ఎరుపే. ఆ ఒక్క జాగాలో మాత్రం గుద్దలి దిగితే నల్లమన్ను లేచేది. అది ఏనాటినుంచో ఏటేటా అక్కడే కాలిన కట్టెల బూడిద, బొగ్గు. తాత తాతలు ఆడిన బూడిద అది. మొదట లేచిన ఆ మన్నును అందరూ చిటికెడు తీసుకుని నుదుట పెట్టుకునేవాళ్లు. జొరమొచ్చిన పిల్లలకు అవ్వ దాన్నే పెట్టేది. దవాఖానకు కూడా తీసుకుపోయేది, అది వేరే సంగతి. మర్నాటినుంచీ ఇల్లిల్లూ కట్టె తెచ్చేది. తుమ్మ మొద్దు తెచ్చేవాళ్లు తుమ్మ మొద్దు, కందికట్టె తెచ్చేవాళ్లు కందికట్టె. ఏమీ లేని ముసలమ్మ విరిగిన చాట అంచు తెచ్చి వేసినా నిప్పు దాన్ని అడ్డు చెప్పకుండా తీసుకునేది.

నేను చెప్పదలచుకున్న ఏడు ఊరికి సర్కారు రేడియో వచ్చిన ఏడు. గ్రామ పంచాయతికి ఒక పెద్ద రేడియో, దానికొక లౌడుస్పీకరు ఇచ్చారు. సాయంత్రం జనం కూర్చుని బుర్రకథలు, పాటలు, సేద్యం ముచ్చట్లు వినాలి. దానికి ఊరి నడుమ గద్దె కట్టాలని వనపర్తి ఆఫీసునుంచి మాట వచ్చింది. సర్పంచి వెంకన్న పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చాడు. తాత జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తింటున్నాడు. అవ్వ సర్పంచికీ ఒక రొట్టె పెట్టింది.

"కాకా, ఊరి నడుమ అంటె అలాయి జాగనే ఉన్నది," అన్నాడు వెంకన్న, రొట్టె తుంచుతూ. "గద్దె గక్కడ కడ్తం. పండుగకు గుంత జర పక్కకు జరుపుకుందమా?"

తాత నమలడం ఆపలేదు. తొక్కు కారానికి కళ్లు తుడుచుకుని, "రేడియో మంచిదే వెంకన్నా. ఊర్లకొస్తె వద్దంటమా," అన్నాడు. "గని నీ ఇంటికి కొత్త చుట్టమొస్తె యాడ కూసుంటడు?"

"అరుగు మీద."

"పొయ్యిల కూసుంటడా?"

వెంకన్న నవ్వాడు. తాత నవ్వలేదు. "అలాయి చుట్టు నువ్వు నిలబడ్తవు, నేను నిలబడ్త, ఖాసీం నిలబడ్తడు. నడుమ ఎవడన్న నిలబడ్తడా? నడుమ నిప్పు ఉంటది. సర్కారును గూడ రానీ. అందరి లెక్క ఒక కట్టె పట్టుకోని రానీ, చుట్టు నిలబడనీ. మేం జరిగి జాగ ఇస్తం," అన్నాడు. తర్వాత అవ్వను ఇంకో రొట్టె అడిగాడు.

రేడియో గద్దె పంచాయతి గోడ పక్కన కట్టారు. ఆ పండుగకు చెరువు కట్ట మీద పడిపోయిన తుమ్మచెట్టు కొట్టించి, పంచాయతి పేరున బండెడు కట్టె వెంకన్నే ముందు నడిచి తెచ్చాడు. ధోతి ఎగ్గట్టి అలాయి చుట్టూ ఆడాడు. ఆయనకు అడుగు పడేది కాదు, ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పీర్ల దినాల్లో రేడియోను ఆయనే తన చేత్తో కట్టేసేవాడు, తర్వాత ఏడాదంతా మేం ఆ గద్దె చుట్టూ కూర్చుని బుర్రకథలు విన్నాం. సర్కారుకూ ఆటకూ కుదిరిన ఒప్పందం నేను చూసింది మొదట అదే. ఎవరూ వేలిముద్ర వేయలేదు. వెంకన్న పోయాక వచ్చిన సర్పంచులు కూడా కట్టె తేవడం మానలేదు, ఊరు మున్సిపాలిటీలో కలిసేదాకా.

అప్పుడంతా బంగారమని రాస్తే నా కలమే నన్ను తిడుతుంది. నర్సప్ప చేతులు బొబ్బలెక్కేదాకా డప్పు కొట్టేవాడు. ఆయన లేకపోతే ఒక్క కాలు లేచేది కాదు. మలీద మాత్రం ఆయనకు అందరికంటే చివర, ఎత్తునుంచి చేతిలో పడేసేవాళ్లు. పడేసిన చేతుల్లో మా అవ్వ చెయ్యీ ఉంది. వాళ్ల వాడలో ప్రార్థన మందిరం వెలిశాక పాస్టరు వద్దన్నా ఆయన డప్పు వదల్లేదు. "దేవునిది దేవునికే ఇస్తున్న అయ్యగారూ, దప్పు నాది," అన్నాడట. నేను పెద్దదాన్నయ్యాక ఒక పండుగకు ఆయన కొడుకులు డప్పులు నేల మీద పెట్టి, పక్కపక్కన కూర్చోబెట్టి మలీద పెడితేనే కొడతామని నిలబడ్డారు. నిప్పు రాజుకుంది, జనం చేరారు, అడుగు పడలేదు. పెద్దలు గొణిగారు, తిట్టారు, చివరికి చాప పరిచారు. ఎవరి మనసూ దానంతటది పెద్దది కాలేదు, వాళ్లు పెద్దది చేశారు. ఆడవాళ్ల సంగతీ అంతే. కట్టె మేం తేవాలి, మలీద మేం చేయాలి, గుంత చుట్టూ మేం ఊడ్చాలి. గుద్దలి పట్టకూడదు. ఒకసారి తోమి ఆరబెట్టిన గుద్దలి కామను నేను పట్టుకుంటే అవ్వ నా చెయ్యి మీద చరిచింది. "ఆడపిల్ల ముడితె గుద్దలి మొద్దువారుతది," అంది. చరిచిన చేతిలోనే చీపురు పెట్టింది.

ఇవన్నీ తలుచుకుంటూ కూర్చుంటే మర్నాడు తెల్లారింది. గోనెసంచి పట్టుకుని బస్సెక్కాను. ఊరి మలుపు దగ్గర దిగి నడుచుకుంటూ పోతే మా వీధి మొదట్లోనే ఎర్రమట్టి మీద జేసీబీ చక్రాల గుర్తులు కనిపించాయి. సావిడి ముందు ఇల్లు పట్టేంత గొయ్యి ఉంది. గద్దెకు పునాదట. గోతి లోపల కింది దాకా ఎరుపే. నల్లమన్ను లేదు. తీసిన మన్ను ట్రాక్టర్లో ఎక్కడికో పోయిందట. నేను గోతి అంచున కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. నా తమ్ముణ్ని సాగనంపినప్పుడు కూడా నేను వీధిలో కూర్చుని ఏడవలేదు.

ఖాసీం తాత మనవడు ఖాజా సావిడిలోంచి వచ్చి నన్ను లేపాడు. బస్టాండు దగ్గర పంచర్ల దుకాణం అతనిది. తాళం ఇప్పుడు అతని దగ్గరే ఉంటుంది. లోపలికి తీసుకుపోయి చూపించాడు. పీర్ల పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. దూలానికి చెద పట్టింది. "వానొస్తె ఈ మూలకెల్లి ఆ మూలకు పెట్టె జరుపుత అక్కా. ఎన్నేండ్లు తిరిగిన రేకుల కోసం? ఇప్పుడు వాళ్లే పిలిచి ఇస్తమంటున్నరు. వద్దనాల్నా?"

"రేకులు వద్దని ఎవరన్నరు? రేకులు తీసుకో. మన్నెందుకు ఇచ్చినవ్?"

ఖాజా పెట్టె మీది కవరు సర్దాడు. "లాలన్న పాయె. గుద్దలి ఏసేటోడే లేడు. తవ్వేటోడు లేని గుంతకు నేను ఏమని కొట్లాడాలె అక్కా?" అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా ఇంట్లో మగవాడు లేడు కాబట్టి ఊరు తన అలాయిని పూడ్చుకుంటోంది. గుద్దలేమో నిన్నటిదాకా వనపర్తిలో నా మంచం కింద పడి ఉంది.

మర్నాడు కమిషనరు గారిని కలిశాం. నేను, ఖాజా, నర్సప్ప మనవడు దానియేలు. కమిషనరు మర్యాదస్థుడు, నాకు కుర్చీ ఆయనే జరిపి వేశాడు. "అమ్మా, మీ కళ నలుగురికీ తెలియాలనే కదా మా తాపత్రయం. పండుగ పది రోజులే. ఇదైతే ఏడాదంతా ఉంటుంది," అన్నాడు. చెడ్డమనిషి కాదు. ఆయన ఎప్పుడూ అలాయి చుట్టూ నిలబడి మొహం కాల్చుకోలేదు, అంతే. డిజైను పైనుంచి ఆమోదమై వచ్చింది, బొమ్మలకు ఆర్డరు ఇచ్చేశారు, గద్దె లేకపోతే ఈ పథకం కింద రేకులు కూడా రావు అన్నాడు. ఆ చివరి మాటకు ఖాజా తల దించుకున్నాడు.

"బొమ్మలు రానీయండి సార్," అన్నాను. "పంచాయతి గోడ పక్కన రేడియో గద్దె ఖాళీగనే ఉన్నది, అక్కడ నిలబెట్టండి. ఆ సిమెంటు మనుషులు కూడా ఆట చూస్తరు. స్టేజి కట్టండి, మైకు పెట్టండి, మీరూ రండి. వచ్చేటప్పుడు అందరి లెక్క ఒక కట్టె తెచ్చుకోండి. మేం జరిగి జాగ ఇస్తం. నడుమ మాత్రం మీరు నిలబడొద్దు, మేం నిలబడం. నడుమ నిప్పు ఉంటది."

పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. అడగండి, మేం మాత్రం ఎవరినీ అడగం అని లేచాను. రేకులు పోతాయని నాకు తెలుసు, ఖాజాకు నాకంటే బాగా తెలుసు. మెట్లు దిగుతూ అతను అన్న మాట మాత్రం ఇదీ: "మన్ను యాడ పోసిండ్రో ముందు గది చూడాలె."

దానియేలు చూశాడు. చెరువు వెనక ఎవరిదో పల్లపు ప్లాటులో పోశారు. వెతకాల్సిన పని లేకపోయింది. ఎర్రటి నేల మీద నల్లటి కుప్ప దూరానికే కనిపించింది. దానియేలు వాడనుంచీ మా వీధినుంచీ ఆడవాళ్లు గంపలు, సిమెంటు బస్తాలు, ప్లాస్టిక్ టబ్బులు పట్టుకుని వచ్చారు. ట్రాక్టరు తెస్తానన్నాడు దానియేలు. ట్రాక్టరులో పోయింది చాలు, తల మీద వస్తుంది అన్నది మా మరదలు. చెరువు కట్ట మీద నల్లమన్ను గంపలతో ఆడవాళ్ల వరుస నడుస్తుంటే హైవే మీదికి పోయే లారీవాళ్లు ఆపి, ఏం జాతర అని అడిగారు. పునాది గోతిని ముందు ఎర్రమట్టితో నింపి, నడుమ గుండ్రంగా నల్లమన్ను పోశాం. నింపుతున్నప్పుడు పనివాళ్ల మేస్త్రీ వచ్చి, సారుకు ఫోన్ చేస్తానన్నాడు. చెయ్ బిడ్డా, మా పేర్లు అన్నీ చెప్పు, మొదట హుసేనమ్మ అని చెప్పు అన్నాను. అతను ఫోను జేబులో పెట్టుకుని కాసేపు చూసి వెళ్లిపోయాడు.

శ్రావణి రెండుసార్లు ఫోన్ చేసింది, ఫలకం మీది వాక్యాల కోసం కాదు, ఎలా ఉన్నానని. నాలుగు అడిగింది కదా, ఒక్కటే పంపాను. మా తాత మాట: నడుమ నిప్పు ఉంటది. ఫలకం వేస్తే అదే వేయమన్నాను, రేడియో గద్దె మీద వేయమన్నాను. రేకుల సంగతి ఆగిపోయింది. మళ్లీ అడుగుతాం. ఏదో ఇచ్చి పుచ్చుకున్నట్టు కాదు, ఊరి సావిడి కురుస్తుంటే ఊరి మున్సిపాలిటీ కప్పాలి కాబట్టి అడుగుతాం. అప్పటికీ ఇప్పటికీ తేడా ఎక్కడుందని నన్ను నేను అడుగుతుంటాను. వెంకన్న మా అరుగు మీద కూర్చుని, మా రొట్టె తిని, జరుపుకుందమా అని అడిగాడు. వీళ్లు జరిపి వచ్చి, నాలుగు మంచి వాక్యాలు రాయమన్నారు. కాకపోతే వెంకన్న కాలంలో ఈ గంపల వరుసలోని ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు, అదీ నాకు తెలుసు. ఆ కాలం వెనక్కి రావాలని నేను మొక్కుకోను. ఈ కాలం నా మాట వినాలి.

చంద్రుడు కనిపించే సాయంత్రం సావిడి ముందు జనం చేరారు. వనపర్తిలో ముందురోజే గుద్దలిని చింతపండుతో తోమాను, కొలిమి దగ్గరికి తీసుకుపోయి పదును కూడా పెట్టించాను. అరుగు మీది ముసలాయన ఒకాయన, ఆడమనిషి గుద్దలి ఏసుడేంది, గిదేం కాలం అని అందరికీ వినపడేలా గొణిగాడు. దానియేలు డప్పు వేడి చేస్తూ, "దప్పు నేలమీద పెట్టమంటవా తాతా?" అని అడిగాడు. ముసలాయన బీడీ వెతుక్కున్నాడు. జనం వెనకనుంచి శ్రావణి వచ్చింది, చేతిలో చిన్న వేపకొమ్మ. "ఆఫీసు పంపలేదు మేడం. నేనే తెచ్చిన," అంది. రేపు కట్టె వేసేటప్పుడు వేద్దువుగానీ, ఇప్పుడు చుట్టూ నిలబడమన్నాను. ఇద్దరు జరిగి జాగా ఇచ్చారు.

పడమట మబ్బు పక్కకు తొలిగి గోరంత చంద్రుడు తేలాడు. ఖాజా ఊదు వేశాడు. అతని వెనక సావిడి తలుపు తెరిచి ఉంది, లోపల పెట్టె మీద అదే ప్లాస్టిక్ కవరు ఉంది. దువా చదివి, చేతులు మొహానికి తుడుచుకుని, నా వైపు తిరిగాడు. "ఎయ్యి అక్కా," అన్నాడు. దానియేలు డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆగాడు. కొంగు నడుముకు బిగించి గుద్దలి ఎత్తాను. అనుకున్నదానికంటే బరువుంది. ఎత్తిన చెయ్యి మీద అవ్వ చరిచిన చోటు గుర్తొచ్చింది. దించాను. నల్లమన్ను లేచింది, మునుపటిలాగే. ఖాజా వంగి చిటికెడు తీసి ముందు నా నుదుటికే పెట్టాడు.

అవ్వా, గుద్దలి మొద్దువారలేదు.